టీవీకి నాలుగు పోర్టులు, నా దగ్గర ఎనిమిది పెట్టెలు. ఎలా కలపాలి?

కంట్రోలర్ కిట్టు, విజయవాడ
శనివారం రాత్రి 10:50

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. గత నెల కొత్త ఇంట్లోకి మారాం, హాల్లో టీవీ యూనిట్ చేయించాం. దానికి అమ్మ పెట్టిన షరతు ఒక్కటే, ఒక్క వైరు కూడా బయటికి కనపడకూడదు.

టీవీ 55 అంగుళాలది, 4కె 120 హెర్ట్జ్ (అంటే సెకనుకి 120 బొమ్మలు), వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులు. తగిలించాల్సిన సరుకు, ముందు ఆటల కన్సోళ్లు: పీఎస్5 (ప్లేస్టేషన్ 5), ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, పాత నింటెండో స్విచ్, ఇంజినీరింగ్‌లో ఉండగా కొన్న పీఎస్3 స్లిమ్, దానికంటే ముందు మా బాబాయ్ ఇచ్చిన పీఎస్2 స్లిమ్. ఇవి చాలవన్నట్టు సెట్‌టాప్ బాక్స్, సౌండ్‌బార్, స్ట్రీమింగ్ స్టిక్.

నాకు కావాల్సింది రెండే. ఒకటి, పీఎస్5లో 120 హెర్ట్జ్ ఆటలు ఆడాలి, ఆ టీవీకి అంత డబ్బు పోసింది అందుకే. రెండు, నేను ఆఫీసులో ఉన్నప్పుడు టీవీ పెట్టుకోవడానికి అమ్మానాన్న నాకు ఫోన్ చేయకూడదు. మొన్న మీటింగ్‌లో ఉండగా నాన్న వీడియో కాల్ చేసి, ఫోన్ టీవీ వైపు తిప్పి, "వార్తలు పెడితే ఈ బొమ్మలు వస్తున్నాయేంట్రా" అన్నారు. చూస్తే నింటెండో స్విచ్ హోమ్ స్క్రీన్.

పోర్టులు సరిపోవని ఆన్‌లైన్‌లో ఆరు వందలు పెట్టి ఐదు ఇన్‌పుట్‌ల హెచ్‌డీఎంఐ స్విచ్ తెప్పించాను. అట్ట మీద 4కె అని పెద్ద అక్షరాలు. సౌండ్‌బార్‌ను టీవీకి పెట్టి, సెట్‌టాప్‌తో సహా చేతికొచ్చిన ఐదూ ఈ స్విచ్‌కి తగిలించాను. ఇప్పుడు పీఎస్5లో 120 హెర్ట్జ్ అన్న మాటే లేదు, మధ్యమధ్యలో తెర రెండు సెకన్లు నల్లబడి మళ్ళీ వస్తోంది, స్విచ్ ఏమో దానికి ఇష్టమొచ్చినప్పుడు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి దూకుతోంది. పెద్ద టెన్షన్ అయిపోయింది. కాపాడండి.

నైట్ షిఫ్ట్ నాని
శనివారం రాత్రి 11:04

ఏ స్విచ్ దూకుతోంది బ్రో? నింటెండోదా, హెచ్‌డీఎంఐదా, గోడ మీదదా?

కంట్రోలర్ కిట్టు
శనివారం రాత్రి 11:06

హెచ్‌డీఎంఐది 😅

నైట్ షిఫ్ట్ నాని
శనివారం రాత్రి 11:07

అయితే ఇకనుంచి దాన్ని డబ్బా అందాం. లేకపోతే నాలుగో పేజీకి వచ్చేసరికి ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో అర్థం కాదు. ముందు ఆ ఆరు వందల డబ్బా పీకి పక్కన పెట్టు.

హెచ్‌డీఎంఐ బాబాయ్, కాకినాడ
శనివారం రాత్రి 11:41

కిట్టూ, డబ్బా పీకే ముందు ఒక పని చెయ్యి. టీవీ వెనక్కి టార్చ్ కొట్టి ప్రతి పోర్టు పక్కన చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చూడు. నాలుగు పోర్టులున్నాయి కదా అని నాలుగూ ఒకటే అనుకోకు. చాలా టీవీల్లో రెండిట్లోనే 4కె 120 వస్తుంది, మిగతా రెండూ 4కె 60తో ఆగిపోతాయి. అసలు తలనొప్పి ఏంటంటే, ఆ మంచివి రెండిట్లో ఒకటే ఈఆర్క్ పోర్టు, అంటే టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపే పోర్టు, అయి ఉంటుంది. అంటే సౌండ్‌బార్ కూడా దానికే పెట్టాలి. అలా సౌండ్‌బార్ వచ్చి కన్సోల్ సీట్లో కూర్చుంటుంది, నీకు మిగిలేది ఒకే ఒక్క మంచి పోర్టు.

ఇక నీ డబ్బా సంగతి. పాత హెచ్‌డీఎంఐ 2.0లో సెకనుకి 18 గిగాబిట్లు పోతాయి, 2.1లో 48 దాకా పోతాయి. 4కె 60కి 18 సరిపోతుంది, 4కె 120కి సరిపోదు. పీఎస్5 అయితే 32 దగ్గర ఆగుతుంది, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 40 దాకా వెళ్తుంది. నీ ఆరు వందల డబ్బా 18 గిగాబిట్లైనా సరిగ్గా మోస్తుందా అన్నది నాకు అనుమానమే, 4కె అని రాసి 30 హెర్ట్జే ఇచ్చేవి బోలెడు. తెర నల్లబడి మళ్ళీ రావడమంటే సిగ్నల్ మధ్యలో తెగి, టీవీ, కన్సోల్ మళ్ళీ మొదటినుంచి పలకరించుకుంటున్నాయని అర్థం.

ఇంకో మాట, అట్ట మీద 2.1 అని ఉన్నంత మాత్రాన కూడా నమ్మకు. ఇప్పుడు 2.0 అన్న పేరే విడిగా లేదు, 18 గిగాబిట్ల సరుకు మీద కూడా 2.1 అని వేసుకోవచ్చు. ఎన్ని గిగాబిట్లు, 4కె 120 ఉందా లేదా, ఆ రెండే చూడాలి. అంకె రాయలేదంటే లేదనే లెక్క.

ఓరుగల్లు ప్లేయర్, హనుమకొండ
ఆదివారం ఉదయం 8:15

ఇంత గొడవ ఎందుకన్నా, ఒక ఏవీ రిసీవర్ తీసుకుంటే అయిపోయె. నా దగ్గర ఉన్నది, ఏడు ఇన్‌పుట్‌లు, అన్నీ దానికే, టీవీకి ఒక్కటే వైరు. సౌండ్ అయితే మస్తు ఉంటది.

హెచ్‌డీఎంఐ బాబాయ్
ఆదివారం ఉదయం 8:40

రిసీవర్ మంచిదే తమ్ముడూ, కాదనను. కానీ దానికి స్పీకర్లు కొనాలి, గదిలో వైర్లు లాగాలి, అతని వాళ్ళమ్మగారి షరతు మొదటి లైన్లోనే ఉంది. పైగా ఏడు ఇన్‌పుట్‌లు ఉన్నంత మాత్రాన ఏడిట్లో 4కె 120 రాదు. 2020లో వచ్చిన మొదటి విడత 2.1 రిసీవర్లలో కొన్నిటిలో ఒక చిప్ లోపం ఉండేది, సిరీస్ ఎక్స్ పెట్టి 4కె 120 వేస్తే నల్ల తెర. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నవి ఆ ఏడాదివేమో చూసుకుని కొనాలి.

ఓరుగల్లు ప్లేయర్
ఆదివారం ఉదయం 8:52

నాది 2018ది, 120 నాకు అవసరమే లేదు. సరే, సౌండ్‌బార్‌తోనే కానీయండి.

కంట్రోలర్ కిట్టు
ఆదివారం ఉదయం 10:20

బాబాయ్ గారూ, మీరు టీవీ వెనక కూర్చుని చూసినట్టే చెప్పారు. హెచ్‌డీఎంఐ 1, 2 దగ్గర 4కె 60 అని ఉంది. 3 దగ్గర 4కె 120, పక్కనే ఈఆర్క్. 4 దగ్గర 4కె 120. సౌండ్‌బార్ 3లో ఉంది. సౌండ్‌బార్‌కి కూడా వెనక ఒక హెచ్‌డీఎంఐ ఇన్ ఉంది, ఇన్నాళ్లూ దాన్ని చూడనే లేదు. పీఎస్5ని సౌండ్‌బార్‌కి పెడితే అటునుంచి 3లోకి వెళ్తుంది కదా, సరిపోదా?

హెచ్‌డీఎంఐ బాబాయ్
ఆదివారం ఉదయం 10:33

వద్దు. చాలా సౌండ్‌బార్‌లు 4కె 60నే దాటనిస్తాయి, 120 గానీ వీఆర్ఆర్ (ఆట వేగాన్ని బట్టి తెర వేగం మారడం) గానీ అక్కడే ఆగిపోతాయి. పీఎస్5 నేరుగా 4లో పెట్టు. మధ్యలో ఏదీ వద్దు, డబ్బా వద్దు, సౌండ్‌బార్ వద్దు. శబ్దం టీవీలోంచి ఈఆర్క్ మీదుగా సౌండ్‌బార్‌కి దానంతట అదే వెళ్తుంది, డాల్బీ అట్మాస్ సరౌండ్ సౌండ్‌తో సహా. పీఎస్5లోనూ సిరీస్ ఎస్‌లోనూ శబ్దం కోసం విడిగా ఆప్టికల్ పోర్టు లేదు కాబట్టి ఎలాగూ వేరే దారి లేదు.

స్విచ్ సీత, విశాఖ
ఆదివారం ఉదయం 11:10

సౌండ్‌బార్ వెనక ఉన్న ఆ ఖాళీ ఇన్ నింటెండోకి ఇచ్చెయ్యి. మా ఇంట్లో అదే ఏర్పాటు. పాత స్విచ్ డాక్‌లో (టీవీకి కలిపే స్టాండ్‌లో) పెట్టినా 1080పీ 60కి మించి ఇవ్వదు, కాబట్టి సౌండ్‌బార్ గుండా వెళ్ళినా పోయేదేమీ లేదు. ఒక పోర్టు కలిసొస్తుంది. రేపెప్పుడైనా స్విచ్ 2 కొంటే మాత్రం మళ్ళీ ఆలోచించుకోవాలి, అది డాక్‌లో 4కె 60 ఇస్తుంది, తక్కువ రిజల్యూషన్ పెట్టుకుంటే 120 కూడా ఇస్తుంది.

ఇంకోటి, ఆ స్ట్రీమింగ్ స్టిక్ ఎందుకు? ఆ టీవీలోనే యాప్‌లన్నీ ఉంటాయి కదా. నీ డబ్బా దూకడానికి కారణం సగం అదే అయ్యుంటుంది. స్టిక్‌లు పూర్తిగా ఆఫ్ అవవు, ఎప్పుడూ సిగ్నల్ ఇస్తూనే ఉంటాయి. ఆటోమేటిక్ డబ్బా అది చూసి, ఇక్కడెవరో ఉన్నారు అనుకుని అటు తిరిగిపోతుంది.

కంట్రోలర్ కిట్టు
ఆదివారం ఉదయం 11:31

అక్కా, స్టిక్ నిజంగానే అనవసరం. అలవాటుగా తగిలించానంతే. తీసేశాను, అత్తయ్య వాళ్ళకి ఇచ్చేస్తా.

ఇప్పుడు లెక్క: 4లో పీఎస్5, 3లో సౌండ్‌బార్, దాని వెనక నింటెండో. మిగిలినవి 1, 2. వాటికి సెట్‌టాప్, సిరీస్ ఎస్, పీఎస్3, పీఎస్2. సిరీస్ ఎస్ నేరుగా 2లో పెట్టి, సెట్‌టాప్ బాక్స్‌ని పాత వాటితో కలిపి డబ్బాలో పెట్టనా? సెట్‌టాప్‌కి 120 అక్కర్లేదు కదా.

గుంటూరు ఘాటు
ఆదివారం మధ్యాహ్నం 12:05

బాబూ ఆ పని మాత్రం చెయ్యకు! నేను చేశాను. సెట్‌టాప్ డబ్బాలో పెట్టి, డబ్బా రిమోట్‌లో 2 నొక్కితే ఛానెళ్లు వస్తాయని ఇంట్లో అందరికీ నేర్పాను. మా నాన్నగారు తెల్లారి ఐదింటికి సుప్రభాతం పెట్టుకుంటారు. ఆ రిమోట్ అరచేతిలో సగం ఉంటుంది, సోఫా సందులో పడిపోయింది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. సెట్‌టాప్ బాక్స్ ఎప్పుడూ నేరుగా టీవీకే, అదీ హెచ్‌డీఎంఐ 1కే. ఆటలాడేవాడు లేచి బటన్ నొక్కుకుంటాడు, నలభై ఏళ్లుగా టీవీ చూస్తున్న మనిషి కొత్త రిమోట్ ఎందుకు నేర్చుకోవాలి?

నైట్ షిఫ్ట్ నాని
ఆదివారం మధ్యాహ్నం 12:11

దండం పెట్టి ఒప్పుకుంటున్నా. ఈ థ్రెడ్ మొత్తంలో పనికొచ్చే ముక్క ఇదే.

హెచ్‌డీఎంఐ బాబాయ్
ఆదివారం మధ్యాహ్నం 12:48

ఘాటు గారు చెప్పింది నిజం. సెట్‌టాప్ 1లో. 2లో ఒక మంచి డబ్బా, దానికి మూడు ఇన్‌పుట్‌లు చాలు: సిరీస్ ఎస్, పీఎస్3, పీఎస్2. సిరీస్ ఎస్ ఎక్కువ ఆటల్ని 1080పీ, 1440పీ దగ్గరే గీస్తుంది కాబట్టి 18 గిగాబిట్ల డబ్బా దానికి చాలు, 4కె 60 పెట్టుకుని ఆడుకో. డబ్బా కొనేటప్పుడు దానికి విడిగా కరెంటు అడాప్టర్ ఉందో లేదో చూడు. అడాప్టర్ లేనివి కన్సోల్ హెచ్‌డీఎంఐలోంచి వచ్చే కాస్త 5 వోల్టులతోనే బతుకుతాయి, వైరు కాస్త పొడుగైతే నీరసపడతాయి. ఆటోమేటిక్‌గా మారడం ఆపేసే వీలు కూడా ఉండాలి.

స్విచ్ సీత
ఆదివారం సాయంత్రం 4:20

మీ నాన్నగారి వార్తల సమస్యకి కారణం సీఈసీ. ఒక పెట్టె ఆన్ అయితే టీవీని లేపి ఇన్‌పుట్ తన వైపు తిప్పుకునే ఏర్పాటు అది. టీవీ కంపెనీలు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు, శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, లోపల ఉన్నది మాత్రం ఒకటే.

చాలామందికి తెలియంది ఏంటంటే, ఈ సీఈసీలో ప్లేబ్యాక్ పరికరాలకి మామూలుగా ఉన్న చోట్లు మూడే. పీఎస్5, ఎక్స్‌బాక్స్, నింటెండో కలిసి ఆ మూడూ తీసేసుకున్నాయంటే నాలుగోదిగా వచ్చిన పీఎస్3కో స్టిక్‌కో కుర్చీ లేదు. కుర్చీలాటే ఇక, ఏ రోజు ఏది పనిచేస్తుందో చెప్పలేం. అందుకే అన్నిట్లో సీఈసీ ఆన్ చేసి, ఒకే రిమోట్‌తో అన్నీ నడపాలన్న ఆశ వదిలెయ్యాలి. టీవీలో ఆన్ ఉంచు, సౌండ్‌బార్‌కి ఉంచు, ఎందుకంటే వాల్యూమ్ దానితోనే. పీఎస్5కి ఉంచుకో. మిగతా వాటిలో తీసెయ్యి. నింటెండోలో టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్తే "మ్యాచ్ టీవీ పవర్ స్టేట్" అని ఉంటుంది, అది ఆఫ్ చెయ్యి. పీఎస్3లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో "కంట్రోల్ ఫర్ హెచ్‌డీఎంఐ". ఎక్స్‌బాక్స్‌లో టీవీ, డిస్‌ప్లే ఆప్షన్స్ లోపల ఉంటుంది.

కంట్రోలర్ కిట్టు
ఆదివారం రాత్రి 9:15

సీఈసీ తీసేశాక ఇల్లు ప్రశాంతంగా ఉంది అక్కా. నాన్న పవర్ నొక్కితే వార్తలే వస్తున్నాయి.

కానీ పీఎస్5 నేరుగా 4లో పెట్టినా 120 రావట్లేదు! "వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్"లో 60 హెర్ట్జే చూపిస్తోంది, కింద 120కి సపోర్ట్ లేదంటోంది. టీవీ పాడైందా?

నైట్ షిఫ్ట్ నాని
ఆదివారం రాత్రి 9:22

ఏ కేబుల్ వాడుతున్నావ్?

కంట్రోలర్ కిట్టు
ఆదివారం రాత్రి 9:25

అలమరలో ఉన్నదేదో. పీఎస్3 కొన్నప్పటిది అనుకుంటా, మూడు మీటర్లు ఉంటుంది. పీఎస్5తో వచ్చింది పొట్టిగా ఉందని వాడలేదు.

నైట్ షిఫ్ట్ నాని
ఆదివారం రాత్రి 9:26

😂😂 బాబాయ్ మీరే మాట్లాడండి.

హెచ్‌డీఎంఐ బాబాయ్
ఆదివారం రాత్రి 10:02

నవ్వకు నానీ, అందరం చేసిందే. కిట్టూ, పీఎస్5 పెట్టెలో వచ్చిన కేబులే 2.1 వేగానికి సరిపడేది. పెట్టెకి పొడుగు కేబుల్ వెతికే బదులు కేబుల్‌కి దగ్గరగా పెట్టెని జరుపు. తప్పనిసరిగా పొడుగు కావాలంటే "అల్ట్రా హై స్పీడ్" అని రాసి ఉన్నది కొను, అట్ట మీద హాలోగ్రామ్, క్యూఆర్ కోడ్ ఉన్న లేబుల్ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకోవచ్చు. "8కె ప్రీమియం బంగారు పూత" వగైరా మాటలకి విలువ లేదు. మామూలు రాగి కేబుల్ మూడు, మహా అయితే ఐదు మీటర్లు దాటితే 48 గిగాబిట్లు మోయడం కష్టం, ఆపైన లోపల ఫైబర్ ఉన్న రకం కావాలి.

కేబుల్ మార్చాక కూడా రాకపోతే టీవీలో ఆ పోర్టుకి వేగం తెరిచారా లేదా చూడు. చాలా టీవీలు పాత పెట్టెలు ఇబ్బంది పడకుండా పోర్టుల్ని మామూలు మోడ్‌లోనే పెట్టి పంపిస్తాయి. సోనీల్లో "ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్" అంటారు, శామ్‌సంగ్‌లో "ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్", ఎల్‌జీలో "డీప్ కలర్". పోర్టు పోర్టుకీ విడిగా ఆన్ చేయాలి. ఇంకోటి, పీఎస్5 హోమ్ స్క్రీన్‌లో 60 కనిపిస్తే కంగారు పడకు, 120 ఉన్న ఆట తెరిచి, ఆటలో పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టాకే మారుతుంది.

కంట్రోలర్ కిట్టు
ఆదివారం రాత్రి 10:47

వచ్చింది!!! రెండూ తప్పే. కేబుల్ తప్పు, పోర్టు సెట్టింగ్ కూడా మామూలు మోడ్‌లోనే ఉంది. ఏడాదిన్నర నుంచీ 60లో ఆడుతూ 120 అంటే ఇదే కాబోలు, బాగుంది అనుకుంటున్నాను, ఎవరికీ చెప్పకండి.

ఓరుగల్లు ప్లేయర్
ఆదివారం రాత్రి 10:50

ఎవరికీ చెప్పం అన్నా, ఇక్కడ రాసుకున్నం అంతే.

పాత టీవీ ప్రేమి, రాజమండ్రి
సోమవారం ఉదయం 7:30

అందరూ పీఎస్5 గురించే రాశారు, పాపం పీఎస్2ని పట్టించుకున్నవాళ్ళు లేరు. పీఎస్2 వెనక హెచ్‌డీఎంఐ లేదు, ఎరుపు తెలుపు పసుపు వైర్లు పెట్టుకోవడానికి కొత్త టీవీల్లో చోటూ లేదు. మార్కెట్లో ఆ మూడు రంగుల వైర్లని హెచ్‌డీఎంఐగా మార్చే చవక పెట్టెలు దొరుకుతాయి, అవి వద్దు. పసుపు వైరులో బొమ్మంతా ఒకే తీగలో కుక్కి పంపిస్తారు, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఆపైన ఆ పెట్టె ఆలస్యం ఒకటి. పీఎస్2 వెనక పోర్టులోకే నేరుగా దూరే చిన్న అడాప్టర్ తీసుకో, అది బొమ్మని విడివిడి తీగల్లో పంపే కాంపొనెంట్ సిగ్నల్‌ని పట్టుకుంటుంది కాబట్టి బొమ్మ చాలా నయం. అది పెట్టే ముందు పాత వైరుతోనే ఏదో ఒక టీవీకి తగిలించి, పీఎస్2 సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో "కాంపొనెంట్ వీడియో అవుట్"ని ఆర్‌జీబీ నుంచి వై సీబీ సీఆర్ అన్నదానికి మార్చుకో. మార్చకపోతే రంగులన్నీ తేడాగా వచ్చి అడాప్టర్ పాడైందనుకుంటావు. మా ఊళ్ళో ఒకబ్బాయి అలాగే రెండు అడాప్టర్లు వాపసు పంపాడు.

అయినా బొమ్మ కాస్త మసకగానే ఉంటుంది. పీఎస్2 ఆటలు ఎక్కువగా 480ఐ, పీఏఎల్ అయితే 576ఐ, అంటే ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. పాత డబ్బా టీవీకి, అంటే పిక్చర్ ట్యూబ్ టీవీకి, అది సహజం. ఎల్‌ఈడీ టీవీ మాత్రం రెండిటినీ కలిపి అతికించి చూపించాలి, ఆ అతుకులోనే ఆలస్యం, మసక రెండూ వస్తాయి. పీఎస్1 డిస్కులు వేస్తే ఇంకా ఘోరం, అవి 240పీ, అంటే బేసి, సరి అని విడదీయకుండా ప్రతిసారీ అవే గీతలు. చాలా టీవీలు దాన్ని కూడా 480ఐ అనుకుని అతకడానికి చూస్తాయి.

తుపాకీ ఆటలైతే అసలు మర్చిపో. గన్‌కాన్ లాంటి తుపాకీ కంట్రోలర్లు డబ్బా టీవీలో తెర మీద కిరణం ఏ క్షణంలో ఎక్కడుందో చూసి గురి లెక్కపెడతాయి. ఎల్‌ఈడీలో ఆ కిరణమే లేదు.

అందుకే నేను 21 అంగుళాల పాత టీవీ ఒకటి దాచుకున్నాను. చిన్నప్పటి క్యాసెట్ల టీవీ గేమ్, అదే 9999 ఇన్ 1 అని రాసి, లోపల తిప్పితిప్పి అవే పది ఆటలు ఉండేది, అది కూడా దానికే. పాత సామాన్ల బండివాడు వచ్చినప్పుడల్లా మా ఆవిడ నన్నూ టీవీనీ మార్చి మార్చి చూస్తుంది.

కంట్రోలర్ కిట్టు
సోమవారం ఉదయం 9:05

సార్, డబ్బా టీవీ పెడితే అమ్మ నన్ను కూడా అదే బండి ఎక్కిస్తుంది. అడాప్టర్‌తోనే సరిపెట్టుకుంటా. పీఎస్3 కూడా నల్ల తెరే చూపిస్తోంది, పాత ఇంట్లో బాగానే ఉండేది.

నైట్ షిఫ్ట్ నాని
సోమవారం ఉదయం 9:12

పాత టీవీకి ఏవీ వైరుతో ఉండేదా? ఇంకా అటే పంపిస్తోంది. ఆఫ్ చేసి, పవర్ బటన్ అలాగే నొక్కి పట్టుకో, రెండోసారి బీప్ వచ్చేదాకా. వీడియో రీసెట్ అయి, హెచ్‌డీఎంఐ కావాలా అని అదే అడుగుతుంది.

డల్లాస్ డుంబు
సోమవారం ఉదయం 10:40

ఇక్కడినుంచి కన్సోల్స్ పట్టుకొచ్చేవాళ్ళ కోసం ఒక మాట. పీఎస్5, సిరీస్ ఎక్స్, ఎస్, నింటెండో స్విచ్ అడాప్టర్, ఇవన్నీ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి, ప్లగ్ మారిస్తే చాలు. పాతవి అలా కాదు. అమెరికాలో కొన్న ఎక్స్‌బాక్స్ 360 ఇటుకలాంటి అడాప్టర్ మీద 100-127 అని ఉంటుంది, అమెరికాలో కొన్న నింటెండో వీ కన్సోల్ అడాప్టర్ 120కే. నేను 2012లో మావయ్య వాళ్ళింట్లో పిల్లలకి చూపిద్దామని 360 అడాప్టర్ నేరుగా గోడకి పెట్టాను. టప్పుమంది, వాసన, అంతే. పిల్లలు మాత్రం అదే ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. కన్సోల్ బతికింది, అడాప్టర్ ఇండియాది వేరే కొన్నాం. అడాప్టర్ మీద చీటీ చదవడానికి పది సెకన్లు పడుతుంది, చదవండి.

గుంటూరు ఘాటు
సోమవారం మధ్యాహ్నం 1:30

కరెంటు మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. టీవీ వెనక చెయ్యి పెడితే ఎప్పుడైనా జివ్వుమందా? మన ఇళ్ళలో టీవీ, సెట్‌టాప్, పీఎస్5 అన్నిటివీ రెండు పిన్నుల ప్లగ్గులే, ఎర్త్ ఉండదు. లోపలి ఫిల్టర్లలోంచి కొంచెం కరెంటు కారి పైన ఇనుప భాగాలకి చేరుతుంది. మనిషికి జివ్వుమనడమే, కానీ కేబుల్ పెట్టే క్షణంలో అది హెచ్‌డీఎంఐ పిన్నులగుండా పోతే చిప్ పోవచ్చు. కాబట్టి ఏది పీకినా, ఏది పెట్టినా ముందు గోడ దగ్గర స్విచ్ కట్టెయ్యి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడో పిన్ను నిజంగా ఎర్త్‌కి కలిసి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించు. చాలా బోర్డుల్లో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు.

రెండోది పిడుగు. రెండేళ్ల కింద మే నెలలో ఈదురుగాలి వానొచ్చింది, పక్క వీధిలో పిడుగు పడింది. మా టీవీ ఆఫ్‌లోనే ఉంది, ప్లగ్ కూడా పీకాను. కానీ మిద్దె మీద డిష్ నుంచి వచ్చే వైరు పీకలేదు. డిష్ వైరు సెట్‌టాప్‌లోకి, సెట్‌టాప్ హెచ్‌డీఎంఐ టీవీలోకి. ఆ ఒక్క దెబ్బకి టీవీలో రెండు పోర్టులు పోయాయి, బోర్డు మార్చాలంటే సగం టీవీ ధర చెప్పారు. అప్పటినుంచి ఉరుము వినపడితే డిష్ వైరు, నెట్ కేబుల్ కూడా పీకేస్తాను. ఎన్ని పెట్టెల్ని ఒకదానికొకటి కలిపితే పిడుగుకి అన్ని దారులు తెరిచినట్టే.

స్విచ్ సీత
సోమవారం మధ్యాహ్నం 2:05

అమ్మో. మా డిష్ వైరు ఎటునుంచి వస్తుందో కూడా నాకు తెలీదు, ఇవాళే చూడాలి.

కంట్రోలర్ కిట్టు
సోమవారం మధ్యాహ్నం 2:20

ఇన్ని పెట్టెలకి ఒకే సాకెట్ చాలా? యూనిట్ వెనక ఒక్కటే ఇచ్చాడు, 6 ఆంపియర్లది.

హెచ్‌డీఎంఐ బాబాయ్
సోమవారం సాయంత్రం 6:10

230ని 6తో హెచ్చవేస్తే 1380 వాట్లు. పీఎస్5 ఆడేటప్పుడు దాదాపు 200, టీవీ 150, సౌండ్‌బార్‌కి ఒక 50 వేసుకో. ఒకేసారి రెండు కన్సోళ్లు ఆడవు కదా. మంచి స్పైక్ గార్డ్ ఉంటే నిక్షేపంలా సరిపోతుంది, ఐరన్ బాక్స్ మాత్రం అందులో పెట్టనివ్వకు. ఇన్వర్టర్ ఉంటే సైన్ వేవ్‌ది అయి ఉండాలి, యూపీఎస్ మోడ్‌లో పెట్టు. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు పీఎస్5 ఆగిపోయి, మళ్ళీ ఆన్ చేయగానే సరిగ్గా ఆపలేదని స్టోరేజ్ సరిచూసుకుంటూ కూర్చుంటుంది.

నాకు నీ కరెంటు కంటే నీ టీవీ యూనిట్ మీదే దిగులు. వైర్లు కనపడకూడదన్నారంటే దానికి తలుపులున్నాయి కదా?

కంట్రోలర్ కిట్టు
సోమవారం సాయంత్రం 6:30

ఉన్నాయి. గాజు తలుపులు, వెనక ప్లైవుడ్ చెక్క.

హెచ్‌డీఎంఐ బాబాయ్
సోమవారం సాయంత్రం 6:38

బెజవాడలో, మే నెలలో, గాజు తలుపుల వెనక 200 వాట్ల పొయ్యి. కార్పెంటర్‌ని మళ్ళీ పిలువు. వెనక చెక్క కోయించు, అరచెయ్యి కాదు, పీఎస్5 వెనక భాగమంతా. చుట్టూ గోడ నుంచి పది సెంటీమీటర్లు వదలమని సోనీ వాళ్ళే చెప్తారు. ఆడేటప్పుడు తలుపు తెరిచి ఉంచు.

ఓరుగల్లు ప్లేయర్
సోమవారం సాయంత్రం 7:00

కోసిన దగ్గర సన్న జాలీ కొట్టియ్యి అన్నా. లేకుంటే బొద్దింకలు వస్తయి. వాటికి వెచ్చగా చీకటిగా ఉంటే చాలు. మా దోస్తు పీఎస్4 ఫ్యాన్ తిరుగుతలేదని విప్పితే లోపల ఒక కాలనీ ఉన్నది. రిపేర్ చేసే ఆయన విప్పంగనే మళ్ళ మూసి, బయటికి తీస్కపొండి అన్నడు.

స్విచ్ సీత
సోమవారం సాయంత్రం 7:04

అన్నం తినే టైంలో ఇవి చదివించకండి బాబూ.

కంట్రోలర్ కిట్టు
తర్వాతి ఆదివారం సాయంత్రం 5:45

వారం రోజులు పట్టింది కానీ అయిపోయింది. 1లో సెట్‌టాప్, 2లో కొత్త డబ్బా, అది 18 గిగాబిట్లది, అడాప్టర్ ఉంది, ఆటో ఆఫ్ చేశాను. అందులో సిరీస్ ఎస్, పీఎస్3, పీఎస్2. 3లో సౌండ్‌బార్, దాని వెనక నింటెండో. 4లో పీఎస్5. పీఎస్3 రెండు బీప్‌లకి లేచి కూర్చుంది. పీఎస్2 రంగులు మొదట తేడాగానే వచ్చాయి, ప్రేమి గారు చెప్పిన సెట్టింగ్ మార్చడం మర్చిపోయాను, మార్చాక సరైంది. వెనక చెక్క కోయించి జాలీ పెట్టించాను. ఎర్త్ చూపిస్తే ఘాటు గారు చెప్పినట్టే బోర్డులో వైరు లేదు, వేయించాను. ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా పేరు రాసిన కాగితం చుట్టి టేప్ వేశాను, ఇది ఎవరూ చెప్పలేదు కానీ నాకు అన్నిటికంటే ఇదే పనికొచ్చింది.

డబ్బా రిమోట్‌ని నేను దాచేసుకున్నాను. టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ బటన్ మీద అమ్మ ఎర్ర బొట్టుబిళ్ళ అంటించింది. నాన్న పొరపాటున వేరే దాంట్లోకి వెళ్తే, బొట్టు నొక్కి పైనున్న మొదటిదానికి రావాలని తనే నేర్పింది. వారంలో ఒక్క ఫోన్ రాలేదు.

గుంటూరు ఘాటు
ఆదివారం సాయంత్రం 5:58

బొట్టుబిళ్ళ! మేం ఇన్ని గిగాబిట్లు లెక్కపెట్టాం.

నైట్ షిఫ్ట్ నాని
ఆదివారం సాయంత్రం 6:03

ఆ పాత ఆరు వందల డబ్బా ఏం చేశావ్? పారేయకు, నాకు ఆఫీసులో రెండు ల్యాప్‌టాప్‌లకి ఒక మానిటర్ ఉంది, 1080పీనే.

కంట్రోలర్ కిట్టు
ఆదివారం సాయంత్రం 6:10

అత్తయ్య వాళ్ళకి స్టిక్‌తో పాటు ఇచ్చేశా బ్రో. నిన్న మావయ్య ఫోన్ చేశారు, వాళ్ళ టీవీ దానంతట అదే మారిపోతోందట.